పాత బస్సు పక్క తలుపు గడియ: బాగు చేయాలా, మార్చాలా?

ఇల్లుగా మార్చుకున్న పాత బస్సుకు ఎక్కి దిగే తలుపు ఒక్కటే ఉండదు. సామాను అరలకు, బ్యాటరీలకు, జనరేటర్‌కు, ఇంధనం పోసే చోటుకు, వెనక ఇంజిన్‌కు విడివిడిగా తలుపులుంటాయి. ప్రయాణికులను మోసిన కాలంలో రోజుకు ఎన్నోసార్లు తెరిచి మూసిన తలుపులవి. నలభై, యాభై ఏళ్ల తర్వాత వాటిలో ఏదో ఒకటి మొరాయిస్తుంది. మూస్తే గడియ పడదు, పడితే తెరుచుకోదు, లేదా గతుకుల్లో దానంతట అదే ఊడి తెరుచుకుంటుంది. మొదటి రెండూ చికాకు పెట్టి వదిలేస్తాయి. మూడోది పక్కన బండి నడిపేవారి ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఈ చిన్న పనిని నేను చిన్న పనిగా చూడను.

ఎంపికల సంగతికి ముందు ఒక మాట. నా బస్సులో జనరేటర్ అర తలుపు గడియ పడటం మానేసినప్పుడు నేను నేరుగా కొత్త గడియ తెప్పించి బిగించాను. అదీ పడలేదు. గడియలో తప్పేమీ లేదు. తలుపు కీలు అరిగి, తలుపు మొత్తం ఐదు మిల్లీమీటర్లు కిందికి జారింది. పాత గడియ కోసం కోసిన రంధ్రాన్ని కొత్తదాని కోసం పెద్దది చేశాను కాబట్టి, పాతది మళ్లీ పెట్టాలంటే రేకు ముక్క అతికించాల్సి వచ్చింది. ఏది కొనాలన్న ప్రశ్న కంటే ముందు, పాడైనది నిజంగా గడియేనా అని తేల్చుకోవాలని చెప్పడానికే ఇది.

తేల్చుకోవడం కష్టం కాదు. తలుపు తెరిచి, గడియ నాలుకను స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసిన స్థితికి తెండి. పిడి తిప్పగానే టక్కున వెనక్కి వెళ్లి, వదలగానే పూర్తిగా ముందుకు వస్తే గడియ బాగానే ఉన్నట్టు. ఇప్పుడు గడియ ఉన్న అంచు పట్టుకుని తలుపును పైకి ఎత్తి చూడండి. పైకీ కిందికీ ఆడితే దోషం కీలుది. రెండూ సరిగానే ఉంటే స్ట్రైకర్‌ను, అంటే నాలుక వచ్చి పట్టుకునే చట్రం వైపు ముక్కను చూడాలి. దాని మీద పిల్లలు ఆడుకునే మెత్తని బంకమట్టిని ఒక ముద్దగా అంటించి తలుపు మెల్లగా మూసి తెరవండి. నాలుక ఎక్కడ తగులుతోందో, ఎంత లోతుకు వెళుతోందో ఆ ముద్ద మీద అచ్చు పడుతుంది. నాలుక అంచు మాత్రమే గీసుకుపోయిన అచ్చు కనబడితే, గడియ పడినట్టే అనిపించినా తలుపు రోడ్డు మీద నిలవదు.

బస్సు నిలిపిన నేల కూడా లెక్కలోకి వస్తుంది. ఒక మూలన జాకీ ఎత్తినా, ఒక చక్రం గుంటలో ఉన్నా పొడవైన బస్సు శరీరం కొద్దిగా మెలితిరుగుతుంది. చట్రం విడిగా లేకుండా శరీరమే బరువు మోసే బస్సుల్లో ఆ మెలిక తలుపు సందుల దాకా వస్తుంది. నిన్న పడిన గడియ ఈరోజు పడకపోతే ముందు బస్సును చదునైన చోటికి తీసుకెళ్లి చూడండి. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీని ఈమధ్యే మార్చి ఉంటే అనుమానం దాని మీదికీ పోవాలి. పాతదానికంటే మందం ఎక్కువైన రబ్బరు తలుపును బయటికి నెడుతుంది, గడియ ఆ ఒత్తిడిని ప్రతి క్షణం మోస్తూ అరుగుతుంది. కాగితం ముక్కను మధ్యలో పెట్టి మూసి లాగి చూస్తే చుట్టూ ఒత్తిడి సమానంగా ఉందో లేదో తెలుస్తుంది. కాగితం గట్టి పట్టుతో మెల్లగా జారి రావాలి గానీ అసలు కదలకుండా ఉండకూడదు.

తలుపు మూసుకుపోయి తెరుచుకోకపోతే మూలలో గడ్డపార పెట్టి లేపవద్దు. అల్యూమినియం రేకు ఒకసారి వంగితే మళ్లీ చదును కాదు. ఒకరు తలుపును గడియ దగ్గర లోపలికి గట్టిగా నొక్కి పట్టుకుంటే, మరొకరు పిడిని తిప్పాలి. రబ్బరు ఒత్తిడి తగ్గిన ఆ క్షణంలో చాలా గడియలు వదులుతాయి. అప్పటికీ కదలకపోతే సందులోంచి తుప్పు వదిలించే నూనె చల్లి ఒక రాత్రి ఆగండి. పక్క అరలోంచి చేయి పెట్టి, పిడినీ గడియనూ కలిపే లోపలి రాడ్‌ను లాగగలిగే వీలు కొన్ని బస్సుల్లో ఉంటుంది, అదీ చూడండి. కీలు పిన్ను బయటికి కనబడుతుంటే దాన్ని తీసి తలుపును ఆ వైపు నుంచి విప్పడం ఆఖరి మార్గం.

గడియే దోషి అని తేలితే, అప్పుడు దారులు ఇవి: శుభ్రం చేసి సర్దడం, ఉన్నదాన్ని బాగు చేయడం, అదే రకం బస్సు నుంచి పాత గడియ తేవడం, కొత్త రకం గడియ బిగించడం, కొత్తది చేయించుకోవడం. వీటితో పాటు ఈ మధ్య నాకు బాగా నచ్చిన ఒక మిశ్రమ మార్గం ఉంది, దాని గురించి తర్వాత చెబుతాను.

శుభ్రం చేసి సర్దడం

ముందు ఇదే చేయాలి, ఎప్పుడూ. గడియను విప్పి, ముప్పై ఏళ్ల గ్రీజు, ఇసుక కలిసి గట్టిపడిన ముద్దను కిరోసిన్‌లో నానబెట్టి బ్రష్‌తో తోమండి. ఈ ఒక్క పనితో పనిచేసే గడియలు నా అనుభవంలో సగానికి తగ్గవు. తర్వాత ఏం రాస్తారన్నది ముఖ్యం. డబ్ల్యూడీ-40 అనే పేరులోనే నీటిని తొలగించే నలభయ్యో ప్రయత్నం అనే అర్థం ఉంది. అది తడిని పోగొడుతుంది, బిగుసుకుపోయినదాన్ని కదిలిస్తుంది. ఎక్కువ కాలం నిలిచే కందెన మాత్రం కాదు. కదిలే కీళ్లకు తెల్ల లిథియం గ్రీజు, తాళం చెవి పెట్టే రంధ్రానికి పొడిగా ఉండే పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) కందెన వాడండి. తాళంలో గ్రీజు పెడితే దుమ్ము పట్టి మళ్లీ మొదటికే వస్తుంది.

ఉన్నదాన్ని బాగు చేయడం

నా ఓటు ఎక్కువగా దీనికే. ఆ గడియ ఆ తలుపు మందానికి, ఆ రంధ్రానికి, ఆ రాడ్ పొడవుకు సరిపడేలా తయారైంది. దాన్ని నిలబెట్టుకుంటే బస్సు రేకును కోయాల్సిన అవసరం రాదు. అయితే బాగు చేయవచ్చా లేదా అన్నది అది దేనితో చేసిందో తెలిస్తేనే చెప్పగలం.

అయస్కాంతం అంటుకుంటే ఉక్కు. అంటుకోకపోతే ఇత్తడి, అల్యూమినియం, జింక్ పోత లోహం ఈ మూడింటిలో ఒకటి కావచ్చు. కనబడని చోట ఆకురాయితో గీస్తే ఇత్తడి పసుపు రంగులో బయటపడుతుంది. మిగతా రెండింటినీ చేతిలో పెట్టుకుని చూడండి. జింక్ పోత లోహం అదే పరిమాణం ఉన్న అల్యూమినియం కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువుంటుంది. క్రోమ్ పూత కింద బూడిద రంగు, విరిగిన చోట గరుకు పలుకులు కనబడితే అది జింకే.

ఉక్కు గడియకు చాలా వైద్యం ఉంది. నాలుక కొస అరిగితే వెల్డింగ్‌తో కొద్దిగా లోహం పోసి, ఆకురాయితో పాత ఆకారానికి తీసుకురావచ్చు. తిరుగుడు పిన్ను రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి అరిగితే, చాలామంది లావు పిన్ను పెడతారు. దానికంటే రంధ్రాన్ని గుండ్రంగా పెంచి ఇత్తడి లేదా కంచు బుష్, అంటే చిన్న గొట్టం ముక్క, దించడం మేలు. పావు అంగుళం పిన్నుకు లోపల పావు అంగుళం, బయట మూడు ఎనిమిదో వంతుల అంగుళం ఉన్న బుష్‌లు సాధారణ కొలతే. చుట్టూ తగినంత లోహం మిగిలితేనే ఈ పని చేయాలి. బుష్ దింపాక పిడి తిప్పితే వచ్చే తేడాను చేయి వెంటనే పసిగడుతుంది. ముందు లొటలొటలాడిన పిడి, ఇప్పుడు ఏ స్థానంలో ఆపితే అక్కడ నిలుస్తుంది, నాలుక ఏ మాత్రం ఆలస్యం లేకుండా వెంట వస్తుంది. పిన్ను దగ్గర అర మిల్లీమీటరు వదులు పొడవైన లివర్ కొసకు వెళ్లేసరికి ఎంత పెరుగుతుందో అప్పుడు అర్థమవుతుంది.

స్ప్రింగ్ విరిగితే పారేయకుండా ముక్కలన్నీ దాచండి. కొత్తది ఎంచాలంటే తీగ మందం, చుట్ల సంఖ్య, లోపలి వ్యాసం కావాలి. మెలిక స్ప్రింగ్ అయితే ఏ దిశలో చుట్టారో కూడా కావాలి. అది ఎప్పుడూ చుట్లు బిగుసుకునే దిశలోనే పనిచేయాలి. తిరగేసి పెడితే కొన్నాళ్లకే సాగిపోతుంది.

జింక్ పోత గడియ విరిగితే నేను నిజాయతీగా వద్దనే చెబుతాను. ఆ లోహం కరిగేది సుమారు 380 నుంచి 390 డిగ్రీల సెల్సియస్ దగ్గర. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది, ఉక్కుకు ఇంకా ఎంతో ఎక్కువ వేడి కావాలి. కాబట్టి మామూలు వెల్డింగ్ మంట తగిలితే గడియ ముద్దగా కారిపోతుంది, పైగా జింక్ పొగ ఊపిరికి చేటు. తక్కువ వేడికి కరిగే ప్రత్యేక కడ్డీలతో అతికేవారున్నారు. పిడి అలంకారపు భాగానికి అది సరే. బరువు మోసే నాలుకకు, పిడితో పాటు తిరిగి నాలుకను కదిపే కామ్‌కు అది చాలదు. ఎపాక్సీ సంగతీ అంతే. పాత పోత లోహంలో సీసం లాంటి మలినాలు ఉంటే లోపలి నుంచే సన్నని పగుళ్లు పుట్టి ముక్కలవుతుంది. ఒక చోట అతికితే పక్కన పగులుతుంది.

అదే రకం బస్సు నుంచి తేవడం

సరిగ్గా సరిపోతుంది, రూపం మారదు, పని ఒక పూటలో అయిపోతుంది. కానీ మీ బస్సు ఏదన్నదాన్ని బట్టే ఇది సాధ్యమవుతుంది. 1953 నుంచి 1960 దాకా తయారైన జీఎం (అమెరికా జనరల్ మోటార్స్) పీడీ-4104, 1961 నుంచి 1965 దాకా వచ్చిన పీడీ-4106 లాంటి వాటిని ఇళ్లుగా మార్చుకున్నవారు చాలామంది. విడిభాగాల కోసం విప్పిన బస్సులూ దొరుకుతాయి. అమెరికా బస్సు సంస్థ గ్రేహౌండ్ కోసం 1954 నుంచి 1956 మధ్య తయారైన సీనిక్రూయిజర్లు మొత్తం 1001 మాత్రమే. అలాంటి బస్సు మీదైతే ఒక గడియ కోసం నెలలు ఎదురుచూడవలసి రావచ్చు.

ఇంకో లోపం ఉంది. అక్కడి నుంచి వచ్చేది కూడా మీ గడియ వయసుదే, అంతే అరిగినదే. అది ఉక్కుదైతే తెచ్చి బుష్‌లు వేసుకోవచ్చు. జింక్‌దైతే ఇవాళ బాగున్నా రేపు మీదానిలాగే పగులుతుంది. తీసుకునే ముందు నాలుక, కామ్, పిన్ను దగ్గరి నుంచి తీసిన ఫొటోలు అడగండి. బయటి పిడి మెరుపు చూసి తీసుకోవద్దు. దొరికితే ఒకటి కాదు రెండు తీసుకోండి, స్ట్రైకర్ కూడా జతగా తీసుకోండి. నాలుకా స్ట్రైకరూ కలిసి అరిగినవి, వాటిని విడదీయకపోతే మంచిది.

కొత్త రకం గడియలు

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు, ఎందుకంటే బొమ్మలో అన్నీ ఒకేలా కనబడతాయి. తోస్తే పడే వాలు నాలుక గడియ వాడటానికి సుఖం, తలుపు కొడితే చాలు. కానీ నాలుకకూ స్ట్రైకర్‌కూ మధ్య కొద్దిగా సందు తప్పదు, ఆ సందులో తలుపు దడదడలాడుతుంది. రబ్బరు గట్టిదైతే ప్రతిసారీ బలంగా కొట్టాలి. తేలికైన చిన్న తలుపులకు ఇది చాలు.

తిప్పితే పట్టుకుని, ఇంకా తిప్పితే తలుపును లోపలికి లాక్కునే ఒత్తిడి గడియ దడకు మంచి మందు. రబ్బరును సమానంగా నొక్కుతుంది కాబట్టి దుమ్ము, నీరు రావు. బ్యాటరీ అరకు, పడకల కిందికి వచ్చే అరలకు నేను దీన్నే ఎంచుకుంటాను. దీని ఇబ్బంది ఏమిటంటే, తిప్పడం మరిచిపోతే తలుపు మూసినట్టే కనబడుతుంది. పిడి అడ్డంగా ఉంటే మూసినట్టు, నిలువుగా ఉంటే తెరిచినట్టు అన్ని తలుపులకూ ఒకే తీరున బిగిస్తే ఒక చూపులో తెలిసిపోతుంది.

మధ్యలో పిడి, రెండు మూలలకు రాడ్లు ఉండే గడియ పొడవైన తలుపులకు తప్పనిసరి. మీటరున్నర పొడవు తలుపును మధ్యలో ఒక్క గడియతో పట్టుకుంటే మూలలు గాలికి కొట్టుకుంటాయి. మీ బస్సులో పాతది ఇదే తరహాదైతే దాన్ని ఒంటి గడియగా మార్చే ఆలోచన మానుకోండి.

నాలుగోది, కారు తలుపులో ఉండేలాంటిది. గుండ్రని స్ట్రైకర్ కడ్డీని పంజా చుట్టి పట్టుకుంటుంది. ఇందులో రెండు మెట్లున్నవి తీసుకోవాలి. పూర్తిగా పడకపోయినా మొదటి మెట్టు దగ్గర పట్టు దొరికి తలుపు ఊడిపోకుండా ఆగుతుంది. కొంచెం అటూ ఇటూ జరిగిన తలుపును కూడా ఇది ఓర్చుకుంటుంది.

ఏ రకమైనా, రంధ్రం గురించి ఆలోచించకుండా తెప్పించవద్దు. పాత రంధ్రం కంటే కొత్త గడియ ముఖం చిన్నదైతే చుట్టూ కప్పే పలక కావాలి. పెద్దదైతే రేకు కోయాలి, కోసినదాన్ని వెనక్కి తేలేం. అట్ట మీద కొత్త గడియ కొలతలు గీసి, కత్తిరించి, తలుపు మీద పెట్టి చూశాకే తేల్చుకోండి. తలుపు లోపల ఉన్న బలపు పట్టీకి కొత్త గడియ వెనక భాగం తగలకుండా ఉండాలి. నేను చూసిన తప్పుల్లో ఇదే ఎక్కువ.

పాత పిడి, కొత్త పట్టు

ఇదే నేను చెప్పిన మిశ్రమ మార్గం. బయటి పాత పిడిని, దాని తాళాన్ని అలాగే ఉంచుతారు. లోపల పాడైన కామ్, నాలుక తీసేసి, ఆ స్థానంలో రెండు మెట్ల పంజా గడియను బలపు పట్టీకి బిగించి, పాత పిడి నుంచి చిన్న రాడ్‌తో దాన్ని కదిలిస్తారు. బయటి రూపం చెక్కుచెదరదు, రేకు కోయనక్కరలేదు, పట్టు కొత్తదానిది. పిడి జింక్‌దైనా ఫరవాలేదు, ఎందుకంటే ఇప్పుడు అది తలుపు బరువు మోయదు, రాడ్‌ను లాగుతుంది అంతే. రాడ్ పొడవు సర్దుకునేలా ఒక కొసన మరలు ఉండాలి. రాడ్ బదులు తీగ వాడితే, తీగ తెగినా తెరవగలిగే రెండో దారి ముందే ఏర్పాటు చేసుకోవాలి.

కొత్తది చేయించుకోవడం గురించి ఎక్కువ చెప్పను. పాతదాన్ని నమూనాగా ఇచ్చి లేత్ మీద ఉక్కు లేదా ఇత్తడి కామ్ చేయించడం మంచి పనే. పూర్తి గడియ పోత పోయించడం మాత్రం మరెక్కడా దొరకని బస్సుకే తగును. త్రీడీ ముద్రణలో చేసిన ప్లాస్టిక్ ముక్క కొలత సరిచూసుకోవడానికి పనికొస్తుంది, రోడ్డు మీదికి కాదు.

ఏ తలుపుకు ఏది

ఎంపికను గడియను చూసి కాకుండా తలుపును చూసి చేయాలి. కీలు ముందు వైపు ఉన్న పక్క తలుపును ఎదురుగాలి మూస్తూ ఉంటుంది. దానికి బాగు చేసిన పాత గడియ నిశ్చింతగా సరిపోతుంది. కీలు వెనక వైపు ఉంటే అదే గాలి తలుపును లాగి తెరుస్తుంది. పైకి తెరుచుకునే సామాను అర తలుపును గ్యాస్ స్ట్రట్‌లు, అంటే లోపల వాయువు నింపిన కడ్డీలు, లేపుతుంటాయి. స్ట్రట్ మీద దాని బలం న్యూటన్లలో ముద్రించి ఉంటుంది. తలుపు బరువుగా ఉందని ఎవరైనా ఎక్కువ బలమున్నది పెట్టి ఉంటే, మూసి ఉన్నంతసేపూ గడియ మీద అదనపు భారం పడుతూ ఉంటుంది. గడియ కొనేముందు ఆ అంకె చదవండి. వెనక కీలు తలుపులకు, పైకి తెరుచుకునేవాటికి, ఇంజిన్ తలుపుకు నేను రెండు మెట్ల పట్టు లేకుండా రాజీ పడను. దానికి తోడుగా వేరే చోట విడిగా ఒక గొళ్ళెమో, పిన్నో ఉండాలి. మొదటిది విఫలమైనా తలుపు అరచేయి మందం కంటే ఎక్కువ తెరుచుకోకూడదు.

ఇంజిన్ తలుపు వేడికి దగ్గరగా ఉంటుంది కాబట్టి అక్కడ ప్లాస్టిక్ భాగాలున్న గడియ వద్దు. వంట గ్యాసు అరకైతే గడియ ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు. ఆ అర బస్సు లోపలి వైపు పూర్తిగా మూసి, బయటికి కింది భాగంలో గాలి మార్గం ఉండాలి. కొత్త గడియ పలకతో ఆ మార్గాన్ని కప్పేయకుండా చూసుకోండి.

బిగింపు

ఎంత మంచి గడియైనా బిగింపు చెడితే వ్యర్థం. అమెరికా పాత బస్సుల మరలు అంగుళం కొలతవి. పావు అంగుళం, అంగుళానికి ఇరవై చుట్ల బోల్టు వ్యాసం 6.35 మిల్లీమీటర్లు, చుట్టుకు చుట్టుకు మధ్య దూరం 1.27. ఆరు మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టు ఆ రంధ్రంలో ఒకటి రెండు చుట్లు చక్కగా దిగి, తర్వాత మరలను తినేస్తుంది. వేలితో తిరగని బోల్టును పానాతో తిప్పవద్దు.

అల్యూమినియం తలుపుకు స్టెయిన్‌లెస్ స్క్రూలు వేస్తే, తడి తగిలిన కొద్దీ అల్యూమినియం తెల్లని పొడిగా తినుకుపోతుంది. మధ్యలో తడిని ఆపే పేస్టు రాయండి, వీలైతే నైలాన్ వాషర్ వేయండి. పాత రివెట్ తీసేటప్పుడు దాని కాండం మందం ఉన్న డ్రిల్ బిట్‌తో తల మాత్రమే తొలిచి, మిగిలినదాన్ని మొనతో వెనక్కి కొట్టండి. లావు బిట్ పెడితే రంధ్రం చెడుతుంది. గడియ చుట్టూ రేకులో పగులు కనబడితే, పగులు కొసన మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేసి అది పాకకుండా ఆపి, వెనక ఒక పలక పెట్టి బిగించండి.

పని ముగిశాక ప్రతి నట్టు మీదా, దాని కింది లోహం మీదా కలిసేలా రంగు పెన్నుతో ఒక గీత గీయండి. గతుకుల దారిలో ఒక గంట నడిపి వచ్చి చూస్తే, గీత విరిగిన చోట నట్టు కదిలిందని తెలుస్తుంది. నా ఇంజిన్ తలుపుకు రెండుసార్లు అలా బిగించాల్సి వచ్చింది. మూడోసారి నుంచి గీతలు గీసినవి గీసినట్టే ఉన్నాయి.